ఐదుకి ఐదు

మా చెల్లెల్ని ఇంట్లో జడ్జిగారు అనేవాళ్ళం. దేన్నైనా ఒకసారి చూసి తీర్పు చెప్పెయ్యడం దానికి పుట్టుకతో వచ్చిన జబ్బు. పక్కింటివాళ్ళ కొత్త గేటు రంగు, ఎదురింటి అల్లుడి నడక, అమ్మ జెరాక్స్ షాపు బోర్డు మీద అక్షరాలు, దేన్నీ వదిలేది కాదు. "బాలేదు" అనే మాట ఎప్పుడూ నాలుక చివరే ఉండేది. ఒకసారి మా మేనత్త ఎంతో మోజుపడి కుట్టించుకున్న బట్టలు వేసుకొచ్చి, ఎలా ఉన్నాయే అని అడిగింది. అడుగుతున్నది ఎవర్నో మర్చిపోయినట్టుంది. "సోఫా కవర్లు కుట్టగా మిగిలిందా అత్తా?" అంది ఇది. అమ్మ తల పట్టుకుంది. మేనత్త ఆ తరవాత చాలాకాలం మా గడప తొక్కలేదు.

నేను దానికి పూర్తిగా ఎదురు. నోట్లో నాలుక లేదని చిన్నప్పుడే పేరు తెచ్చుకున్నాను. చాలదన్నట్టు హోటల్, టూరిజంలో పీజీ చేశాను. ఉన్న కాస్త నోరూ అక్కడ పోయింది.

మా మాస్టారు మొదటి రోజే బోర్డు మీద "లేదు" అని పెద్ద అక్షరాలతో రాసి, డస్టర్‌తో తుడిచేశారు. "ఈ మాట ఇవాళ్టితో మర్చిపోండి. గెస్టు మీ నోటివెంట దీన్ని వినకూడదు" అన్నారు. గది లేకపోతే లేదనకూడదు, మీకోసం ఇంకో మంచి ఏర్పాటు చూస్తాను అనాలి. లిఫ్టు చెడిపోతే చెడిపోయిందనకూడదు, మెట్లదాకా మీకు తోడొస్తాను అనాలి. ఇద్దరిద్దరుగా నిలబడి సాధన చేసేవాళ్ళం. ఒకరు గెస్టు, ఒకరు రిసెప్షన్. గెస్టు ఎంత తిట్టినా అవతలివాళ్ళ మొహంలో నవ్వు చెదరకూడదు. నోరు జారి "లేదు" అన్నవాళ్ళు ఆ పూటంతా క్లాసు బయట వరండాలో నిలబడాలి. మా అందరిలోకీ బాగా చేసే పిల్లకి చివర్లో గోల్డ్ మెడల్ వచ్చింది. అప్పట్నించీ ఆ పిల్ల అసలు పేరు ఎవరమూ వాడలేదు, గోల్డ్ మెడల్ అనే పిలిచేవాళ్ళం.

చదువయ్యాక ఒక పెద్ద హోటల్లో రిసెప్షన్‌లో చేరాను. పొద్దున్నుంచీ నిలబడటమే. కూర్చుంటే గెస్టుకి అగౌరవమట. పీజీ చదివిన మేమూ, ఏమీ చదవకుండా వచ్చినవాళ్ళూ ఒకే బల్ల వెనక, ఒకే జీతానికి, ఒకే నవ్వుతో నిలబడేవాళ్ళం. కొన్నాళ్ళు ఓపిక పడితే మేనేజర్ అవుతావని కాలేజీలో చెప్పారు. ఓపిక పట్టాను. ఓనరుగారి బావమరిది మేనేజరుగా వచ్చాడు.

నాన్న పోయినప్పుడు ఇంకా ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. కబురు తెలిసి యూనిఫామ్‌తోనే ఇంటికి పరుగెత్తాను. కాసేపటికి నాన్న చిన్ననాటి స్నేహితుడు ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. ఆయన్ని చూడగానే నా వీపు నిటారుగా అయింది. రెండు చేతులూ ముందుకొచ్చి ఒకదాని మీద ఒకటి చేరాయి. మొహం మీదికి నవ్వొచ్చింది. "రండి సార్, ప్రయాణం బాగా జరిగిందా?" అన్నాను.

ఆ మాట నా చెవిన పడ్డాక గానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు. ఆయన బిత్తరపోయి అక్కడే ఆగిపోయారు. చెల్లెలు లోపల్నించి అంతా చూసింది. ఎప్పుడూ లేనిది ఏ తీర్పూ చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి లాక్కెళ్ళి, నా మొహం తన భుజానికి అదుముకుని, "ఏడువే, ఏడువు" అంది. నాకు ఏడుపు రాలేదు. ఆ నవ్వు పోవడానికి చాలాసేపు పట్టింది. నెల తిరక్కుండా ఉద్యోగం మానేశాను.

మాస్టారే కబురుపెట్టి పిలిచి, డిపార్ట్‌మెంట్ ఆఫీసులో కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. ఆయన మంచివారు. ఆయన మీద నాకు కోపం లేదని చెప్పను, ఉంది. కానీ కోపం రాగానే ఆయన మంచితనం గుర్తొచ్చి నీరుగారిపోతాను. ఫోన్లెత్తడం, హాజరు ఎక్కించడం, ఎవరైనా కొత్తగా చేరడానికొస్తే కోర్సు గురించి చెప్పడం నా పని. ఆ చివరిది తలుచుకుంటేనే ఒళ్ళు చచ్చిపోయేది. అదృష్టం కొద్దీ కొత్తగా వచ్చేవాళ్ళు ఏడాదికేడాదీ తగ్గిపోయారు.

అలా ఉండగా చెల్లెలు డిగ్రీ పూర్తిచేసింది. మా వీధి చివర రక్తపరీక్షల ల్యాబువాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. నెలాఖరులోగా మాట చెప్పమన్నారు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. మర్నాడు అది షాపులో అమ్మకి సాయం చేస్తూ, కాగితాల కట్ట సర్దుతూ సర్దుతూ అంది, "నేను మీ కోర్సులో చేరదామనుకుంటున్నా."

"వద్దు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడానికి ఎంత కష్టమో చదివేవాళ్ళకి ఇప్పటికి తెలిసే ఉంటుంది.

"ఎందుకొద్దు?"

"నన్ను చూస్తున్నావుగా."

"నిన్ను చూసే అంటున్నా. నువ్వు మెతకదానివి. నిన్ను బ్యాంకులో పెట్టినా ఇంతే, బడిలో పెట్టినా ఇంతే. నేను నీలాగా నవ్వుకుంటూ కూర్చోను. ఊళ్ళు తిరగాలి, రకరకాల మనుషుల్ని చూడాలి. ల్యాబులో కూర్చుని జీవితాంతం ఒంటేలు సీసాల మీద పేర్లు రాయమంటావా?"

"ఆ సీసాలైనా నిన్ను తిట్టవు" అన్నాను.

"తిడితే నేనూ తిడతా. నువ్వెందుకు తిట్టలేదు? ఎవరాపారు?"

అమ్మ మిషను మూత వేస్తూ, "మీరిద్దరూ తేల్చుకోండి తల్లీ, నాకు గిరాకీ ఉంది" అంది. షాపులో ఈగ కూడా లేదు.

సరిగ్గా ఆ వారమే యూనివర్సిటీ నుంచి మాస్టారికి ఒక మాట వచ్చింది. చేరేవాళ్ళు తగ్గిపోయారు గనక, చదివి వెళ్ళినవాళ్ళందరికీ ఫోన్లు చేసి కోర్సు మీద ఎంత తృప్తిగా ఉన్నారో కనుక్కోవాలి. తృప్తి బాగుంటే కోర్సు ఉంటుంది, లేకపోతే వచ్చే ఏడాది నుంచి మూసేస్తారు. చదువుకి ఎన్ని మార్కులిస్తారు, ప్రాక్టికల్స్‌కి ఎన్ని, ఉద్యోగానికి ఎన్ని, అన్నీ ఐదుకి. చివర్న ఒక ప్రశ్న: మీ ఇంట్లోవాళ్ళకి ఈ కోర్సు చదవమని చెప్తారా? ఫోన్లు చేసే పని నాకిచ్చారు.

కోర్సు పోతే నా ఉద్యోగమూ పోతుంది. ఆ సంగతి నాకు తెలియక కాదు. అయినా ఆ ప్రశ్నలు చూడగానే నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఇంటికెళ్ళి చెల్లెలితో చెప్పాను. "నా ఒక్కదాని మాట నమ్మకు. అందరినీ అడుగుతున్నా. వాళ్ళు ఏం చెప్తారో విను."

ఎంత నోరున్నా దానికి న్యాయం ఉంది. "సరే. నువ్వొక్కదానివే అంటే అది నీ ఏడుపు. అందరూ బాలేదంటే ల్యాబుకే పోతా. బాగుందంటే మాత్రం నువ్వు మళ్ళీ నోరెత్తకూడదు."

"ఎత్తను" అన్నాను. నా బ్యాచివాళ్ళ సంగతి నాకు తెలుసు. కలిసినప్పుడల్లా ఆ కోర్సుని తిట్టని పాపాన పోయినవాడు లేడు.

మొదటి ఫోను నాకు బాగా గుర్తు. మా తరవాతి బ్యాచి కుర్రాడు. వెనక ఏవో ఇనుప సామాన్లు కిందపడుతున్న చప్పుడు.

"మీరు ఇప్పుడు ఎక్కడ చేస్తున్నారండీ?"

"టైర్ల షాపులోనండీ."

"మీ ఉద్యోగం చదువుకి సంబంధించిందేనంటారా?"

"కస్టమర్లతో మాట్లాడటమే కదండీ. సంబంధమే. ఐదు రాసుకోండి."

సరే, వీడో అమాయకుడు అనుకున్నాను. తరవాతి అమ్మాయి పెళ్ళిళ్ళ హాలులో ప్లేట్లు లెక్క చూసుకునే ఉద్యోగంలో ఉంది. కాళ్ళ వాపు తగ్గక సెలవు పెట్టిందట, అయినా ఐదు. ఓడ మీద పనికి వెళ్ళొచ్చిన ఒకతను, కిటికీ లేని గదిలో పడుకుని పడుకుని ఇప్పటికీ చీకటంటే భయమని నవ్వుతూ చెప్పాడు. ప్రాక్టికల్స్‌కి ఐదు, ఉద్యోగానికి ఐదు. ఒకావిడ ఉద్యోగమే చెయ్యడం లేదు. "మరి ఉద్యోగానికి ఎంతివ్వమంటారండీ?" అని అడిగితే, "మీకు ఎంత కావాలండీ?" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నిజం చెప్పండి, మీ పేర్లు ఎక్కడా రావు" అని బతిమాలాను. "నిజమేనండీ" అన్నారు, ఒకరి తరవాత ఒకరు, ఒకే గొంతుతో. ఆ గొంతు నాకు తెలుసు. అది రిసెప్షన్ బల్ల వెనక గొంతు. మీ ఇంట్లోవాళ్ళకి చెప్తారా అంటే, "తప్పకుండా" అన్నారు. ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు కూడా తేడాగా చెప్పలేదు.

ఆఖర్న నా వంతు వచ్చింది. నేనూ ఆ కోర్సు చదివినదాన్నే కదా. గది తలుపు దగ్గరగా వేసి, అన్నిటికీ ఒకటి నొక్కాను. అంత ధైర్యం నా జన్మలో ఎప్పుడూ చెయ్యలేదు.

మాస్టారు కంప్యూటరు ముందు కూర్చుని చూస్తున్నంతసేపూ ఆయన వెనక నిలబడ్డాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "చూశావామ్మా, నేను పాఠాలు చెప్పినందుకు ఒక్కడైనా బాగుపడ్డాడా అని ఎన్నిసార్లు అనుకున్నానో" అన్నారు. అంతలో నా వరుస దగ్గర ఆగారు. "ఇదేమిటి? ఎవరో అన్నిటికీ ఒకటి ఇచ్చారు. నువ్వు ఎక్కించేటప్పుడు ఐదు నొక్కబోయి పొరపాటున ఒకటి నొక్కి ఉంటావు. అంతేనంటావా?"

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశారు. ముసలాయన కళ్ళు తడిగా ఉన్నాయి. కాదు సార్, అది నేను, పొరపాటు కాదు అని నా లోపల ఎవరో అరుస్తున్నారు. "అయ్యుండొచ్చు సార్" అన్నాను. ఆయన ఆ వరుస తీసేశారు.

ఆ సాయంత్రం నేను ఇంటికి తెచ్చిన మార్కుల కాగితం చెల్లెలు మొత్తం చూసింది. దాని మొహంలో గెలిచిన సంతోషం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "అందరూ ఐదే. ఇందులో నువ్వెక్కడ?"

"నేను ఒకటి ఇచ్చాను."

"ఒకటి ఎక్కడా కనపడదేం?"

మాస్టారు తీసేస్తుంటే ఊరుకున్నానని చెప్పడానికి నాకు సిగ్గేసింది. "అంటే నువ్వూ ఐదే ఇచ్చావన్నమాట" అని తీర్పు చెప్పేసింది.

మర్నాడు గోల్డ్ మెడల్ దగ్గరికి వెళ్ళాను. అది ఊళ్ళోనే ఒక హోటల్లో గదుల శుభ్రం చూసే సూపర్‌వైజరు. వెనక గేటు నుంచి వెళ్ళి, మెట్లు దిగి, దుప్పట్లు భద్రపరిచే గదిలో దాన్ని పట్టుకున్నాను. గది నిండా తెల్లదుప్పట్ల దొంతరలు, సబ్బు వాసన, ఉక్క. ఒక్కొక్క దుప్పటి దీపానికి ఎదురుగా పట్టుకుని మరకలు వెతుకుతోంది.

"ఎందుకు ఐదిచ్చావే?" అన్నాను, కూర్చోకుండానే.

"మరి ఎంతివ్వాలి?"

"నీకు ఎంతనిపిస్తే అంత. కాలేజీ ఎదురుగా కనపడితే ఉమ్మేసి పోతానన్నది నువ్వు కాదూ?"

అది దుప్పటి మడత పెట్టి పక్కన పెట్టింది. "ఇక్కడ గెస్టు వెళ్ళేటప్పుడు ఐదుకి నాలుగిచ్చాడనుకో, ఆ గది తుడిచిన మనిషిని పొద్దున్నే అందరి ముందూ నిలబెడతారు. ఎందుకు ఒకటి తగ్గింది, ఏం చేశావు అని. నేనే నిలబెడతాను, అది నా పని. నన్ను నా పైవాడు నిలబెడతాడు. అందుకని నేను బయట ఎవరికీ నాలుగివ్వను. ఆటోవాడికి ఐదే, అన్నం తెచ్చినవాడికి ఐదే. ఆ నంబరు వెనకాల ఎవడో ఒకడు నిలబడి ఉంటాడు కదా."

"ఇది ఆటో కాదే."

"ఫోన్ చేసింది నువ్వు. మార్కులు తక్కువొస్తే కోర్సు మూసేస్తారు, నీ ఉద్యోగం పోతుంది. ఆ సంగతి తెలిసి నేనే అందరికీ మెసేజి పెట్టా. మన పిల్ల ఫోన్ చేస్తుంది, ఎవరూ తగ్గించకండి అని." అలా చెప్పి నా వైపు కాస్త గర్వంగా చూసింది, మెచ్చుకుంటానని.

వాళ్ళంతా నామీద జాలిపడి, నామీద ప్రేమతో చేశారు. ఎవర్ని తిట్టను? అక్కడే దుప్పట్ల కట్ట మీద కూలబడి చెల్లెలి సంగతంతా చెప్పాను. గోల్డ్ మెడల్ మొహం పాలిపోయింది.

"ముందే చెప్పి చావొచ్చుగా. అయ్యో, ఆ పిల్లా? మేనత్తని సోఫా కవరన్న పిల్లా?" నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేనొచ్చి చెప్తా. నా సెలవు రోజున వస్తా. కూర్చోబెట్టి అన్నీ చెప్తా. నా మోకాళ్ళు చూపిస్తా. చేరితే కాళ్ళు విరగ్గొడతా అని చెప్తా. సరేనా?"

అన్నమాట ప్రకారం వచ్చింది. మంచి బట్టలు వేసుకుని, మెట్లెక్కడానికి కాస్త ఆయాసపడుతూ షాపులోకి వచ్చింది. అమ్మ స్టూలు వేసింది. చెల్లెలు దాన్ని చూడగానే వెలిగిపోయింది. గోల్డ్ మెడల్ అంటే మా ఇంట్లో పెద్ద పేరు మరి.

"అక్కా, మీరే చెప్పాలి. మా అక్క మాట నేను నమ్మను. మీరు ఏదంటే అది. నాకు ఇది చాలా ఇష్టమక్కా. ఈ షాపులో కూర్చుని దారినపోయే మనుషుల్ని చూసి చూసి విసుగొచ్చింది. చేరనా?"

అంత ఆశగా మా జడ్జిగారు ఎవర్నీ ఏదీ అడగ్గా నేను చూడలేదు. గోల్డ్ మెడల్ నోరు తెరిచింది. చెప్పబోతోందనుకున్నాను. అప్పుడు కనిపెట్టాను. స్టూలు మీద కూర్చున్నది కాస్తా లేచి నిలబడింది. వీపు నిటారుగా అయింది. చేతులు ముందుకొచ్చి ఒకదాని మీద ఒకటి చేరాయి.

"తప్పకుండా" అంది. "చాలా మంచి నిర్ణయం. మీకు చాలా బాగుంటుంది."

చెల్లెలు నావైపు తిరిగి చూసింది. ఇంకేం మాట్లాడతావు అన్నట్టు. నోరెత్తనని మాటిచ్చాను కదా.

గోల్డ్ మెడల్‌ని బస్సెక్కించడానికి వెళ్ళాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది. "ఆ పిల్ల అలా అడిగేసరికి నోరు రాలేదే. గెస్టు అడిగినట్టే ఉంది. దానంతటదే వచ్చేసింది" అంది. దానంతటదే రావడమంటే ఏమిటో నాకు చెప్పాలా? ఓదార్చి పంపాను. తిట్టాలనే ఉంది, తిట్టలేకపోయాను.

చెల్లెలు చేరింది. ల్యాబులో ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చారు. కోర్సూ నిలిచింది, నా కుర్చీ కూడా నిలిచింది. ఆ కుర్చీలోంచి చూస్తే క్లాసు ముందు వరండా కనపడుతుంది. మొదటి రోజుల్లో నేను తలెత్తినప్పుడల్లా మా చెల్లెలు అక్కడే నిలబడి ఉండేది. పొద్దున నిలబెడితే పొద్దున, మధ్యాహ్నం నిలబెడితే మధ్యాహ్నం. పిట్టగోడకి ఆనుకుని, వచ్చేపోయేవాళ్ళ మీద తీర్పులు చెబుతూ ఉండేది. కిటికీలోంచి నన్ను చూసి, "గది లేకపోతే లేదనక ఏమంటారే? మా అమ్మమ్మ దగ్గరుందంటారా?" అని అరిచేది. మాస్టారు విని లోపల్నుంచి దగ్గేవారు. నాకు ఎంత ధైర్యంగా ఉండేదో చెప్పలేను. దీన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు, అది చెప్పిందే నిజం, నేను మెతకదాన్ని కనక నాకలా అయింది అనుకునేదాన్ని. మనసారా అలాగే కోరుకున్నాను.

తరవాత తరవాత వరండాలో కనపడటం తగ్గింది. ఒకరోజు తలెత్తి చూస్తే వరండా ఖాళీగా ఉంది. మర్నాడూ ఖాళీయే. ఆ వారమంతా ఖాళీయే. మాస్టారు ఆఫీసులోకి వచ్చి, "మీ చెల్లెలు దారిలో పడిందమ్మా, బ్యాచిలో దాన్ని మించినవాళ్ళు లేరు" అన్నారు సంతోషంగా. సంతోషం సార్ అన్నాను. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. నాన్నకి రాని ఏడుపు కూడా కలిసి అప్పుడే వచ్చింది.

చదువయ్యాక దానికి సముద్రం ఒడ్డున దూరంగా ఒక పెద్ద రిసార్టులో ఉద్యోగం వచ్చింది. ఫోన్లు తగ్గాయి. చేసినా అమ్మ ఎలా ఉంది, నువ్వెలా ఉన్నావు, నేను బాగున్నాను, అంతే. మేనత్త కూతురి పెళ్ళికి రాలేకపోయింది గానీ, మేనత్తకి ఫోన్ చేసి మాట్లాడిందట. "బంగారంలా మారిపోయిందే పిల్ల, ఎంత మర్యాద" అని మేనత్త వచ్చి పొగిడి పోయింది. అమ్మ ఆవిడకి టీ ఇచ్చింది గానీ ఆ మాటకి తలూపలేదు.

మళ్ళీ సర్వే చెయ్యమన్నారు. ఈసారి కొత్త బ్యాచి. వాళ్ళలో మా చెల్లెలి పేరూ ఉంది. అందరికీ ఫోన్లు చేసి దాన్ని ఆఖర్న ఉంచుకున్నాను. మధ్యాహ్నం పూట, ఆఫీసులో ఎవరూ లేనప్పుడు రిసార్టు నంబరుకి చేశాను.

"నమస్కారం, రిసెప్షన్, మీకు ఏ విధంగా సాయపడగలను?"

"నేనే."

"అక్కా, చెప్పు." గొంతు మారలేదు.

ఫోన్ చేసిన పని చెప్పాను. చదువుకి ఎంతిస్తావంటే ఐదంది. ప్రాక్టికల్స్‌కి ఐదు. ఉద్యోగానికి ఎంతని అడిగేలోగా అటు ఎవరో మగాయన గట్టిగా అరవడం మొదలుపెట్టాడు. గదిలోంచి సముద్రం కనపడటం లేదట, దీని మొహం చూస్తే అసహ్యం వేస్తోందట. ఇంకా ఏమేమో అన్నాడు, అవి రాయలేను. మా చెల్లెలు ఇప్పుడు అంటుంది, ఇప్పుడు అంటుంది అని నేను ఫోను చెవికి అదుముకుని ఎదురుచూశాను. "క్షమించాలి సార్. మీ బాధ నాకు అర్థమైంది సార్. మీకోసం ఇంకో మంచి ఏర్పాటు చూస్తాను సార్" అంది. నవ్వుతూ అన్నదని ఫోనులోనే తెలిసింది.

"లైన్లో ఉన్నావా అక్కా? ఉద్యోగానికి ఐదు."

"నిజం చెప్పవే. నేను అక్కని. నువ్వు ఏది చెప్తే అదే ఎక్కిస్తా, నాకేమీ కాదు, అయినా ఫరవాలేదు."

"నిజమే చెప్తున్నా అక్కా."

"మీ ఇంట్లోవాళ్ళకి ఈ కోర్సు చదవమని చెప్తారా?" ఆఖరి ప్రశ్న ఉన్నదున్నట్టే చదివాను.

"మన ఇంట్లో ఇంకెవరూ మిగల్లేదు కదక్కా" అంది మెత్తగా. వెంటనే, "చెప్తాను, తప్పకుండా చెప్తాను. ఐదు రాసుకో" అంది.

"నన్ను తిట్టవే. చేరనివ్వకుండా ఎందుకు ఆపలేదు అని తిట్టు. ఒక్క మాట అను."

"నిన్నెందుకు తిడతానక్కా? నీ తప్పేముంది?" అంది. "ఇంకేమైనా సాయం కావాలా?"

ఏమీ వద్దన్నాను. ఫోన్ చేసినందుకు నాకు ధన్యవాదాలు చెప్పింది. అవతలివాళ్ళు పెట్టేదాకా మనం ఫోను పెట్టకూడదని మాస్టారు మా ఇద్దరికీ నేర్పించారు. అది పెడుతుందేమోనని నేను చూశాను. నేను పెడతానని అది ఆగింది. అటు ఆ పెద్దమనిషి మళ్ళీ బల్ల మీద కొడుతున్నాడు. దాని ఊపిరి నాకు వినపడుతూనే ఉంది. నేను పెట్టలేదు, అదీ పెట్టలేదు.